మౌస్ పిల్లల చేతిలోనే ఉండాలి

పిల్లలకు కంప్యూటర్ నేర్పించాలనుకునే తల్లిదండ్రులకు మన పట్టణాల్లో కనిపించే దారులు రెండే. బడిలో కంప్యూటర్ పీరియడ్ ఒకటి. అందులో సగం సమయం నోట్సు రాసుకోవడానికే పోతుంది. లేదంటే ఫీజు కట్టి కోచింగ్‌కు పంపాలి. మూడో దారి ఇంకొకటుంది. వారానికోసారి, ఏ గ్రంథాలయంలోనో, బడి వదిలాక ఏదో ఒక తరగతి గదిలోనో, కొందరు పెద్దవాళ్లు పైసా తీసుకోకుండా పిల్లలతో కూర్చుంటారు. సిలబస్ ఉండదు, పరీక్ష ఉండదు, ర్యాంకు ఉండదు. పిల్లలు తమకు తోచిన ఆటో, బొమ్మో, కథో కంప్యూటర్‌లో సొంతంగా తయారుచేస్తారు. చాలా దేశాల్లో ఈ పద్ధతి బాగా నిలదొక్కుకుంది. మన దగ్గర ఇంకా పలచగానే ఉంది. ఇలాంటి క్లబ్బు నడపడంలో కష్టం ఎక్కడుందో, సులువు ఎక్కడుందో విడమరిచి చెబితే ముందుకొచ్చేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరని నా నమ్మకం.

దీని చరిత్ర మరీ పాతది కాదు. ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో జేమ్స్ వెల్టన్ అనే కుర్రాడు తన బడిలో తోటి పిల్లలకు కోడింగ్ చెప్పేవాడు. బిల్ లియావో అనే వ్యాపారవేత్త అతనికి తోడయ్యాడు. 2011లో ఇద్దరూ కలిసి బయటి పిల్లలకు కూడా తలుపులు తెరిచి, దానికి కోడర్‌డోజో అని పేరు పెట్టారు. 7 నుంచి 17 ఏళ్ల లోపు పిల్లలు ఎవరైనా రావచ్చు, రుసుము లేదు. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో క్లేర్ సట్‌క్లిఫ్, లిండా సాండ్విక్ అనే ఇద్దరు మహిళలు కోడ్ క్లబ్ మొదలుపెట్టారు. అప్పటికి అక్కడి బడుల్లో కంప్యూటర్ పాఠమంటే ఉత్తరం టైపు చేయడం, స్లైడ్లు తయారుచేయడం. ప్రోగ్రాం రాయడం దాదాపు లేదు. బడి అయ్యాక వారానికో గంట వాలంటీర్లు వెళ్లి ఆ లోటు పూడ్చాలన్నది వాళ్ల ఆలోచన. 2014 సెప్టెంబరులో ఇంగ్లండ్ తన పాఠ్యప్రణాళికనే మార్చి ప్రోగ్రామింగ్‌ను చిన్న తరగతుల నుంచే పెట్టింది. ఆ తర్వాత కూడా క్లబ్బులు మూతపడలేదు. తర్వాతి ఏళ్లలో ఈ రెండు ఉద్యమాలూ రాస్ప్‌బెర్రీ పై ఫౌండేషన్ అనే సేవాసంస్థ నీడలోకి చేరాయి. వాళ్లు తయారుచేసిన పాఠాలు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

మన దగ్గరా పునాదులు లేకపోలేదు. హైదరాబాద్ బస్తీల్లో స్వేచ్ఛ అనే స్వచ్ఛంద సంస్థ తరఫున ఇంజనీరింగ్ విద్యార్థులు వాలంటీర్లుగా పిల్లలతో కూర్చుని చదువు, కంప్యూటర్ చెప్పిన చరిత్ర ఉంది. కేరళ ప్రభుత్వం 2018లో హైస్కూళ్లలో లిటిల్ కైట్స్ పేరుతో విద్యార్థుల క్లబ్బులు పెట్టి, అన్నీ ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే నడుపుతోంది. అది ప్రభుత్వం నడిపేది, దాని బలం వేరు. ఈ వ్యాసం ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా నలుగురు కలిసి నడుపుకునే చిన్న క్లబ్బు గురించి.

అలాంటి క్లబ్బుకు ప్రాణం లాంటి సూత్రం ఒకటే: మౌస్ పిల్లల చేతిలోనే ఉండాలి. పెద్దవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. వినడానికి చిన్న మాటే. పాటించడం మాత్రం చాలా కష్టం. ఒక ఉదాహరణ తీసుకుని నెమ్మదిగా చూద్దాం.

ఎనిమిది నుంచి పదమూడేళ్ల పిల్లలకు క్లబ్బుల్లో ఎక్కువగా వాడేది స్క్రాచ్. అమెరికాలోని ఎంఐటీలో మిచెల్ రెస్నిక్ బృందం తయారుచేసి 2007లో లోకానికి ఇచ్చింది. ఇందులో ఆజ్ఞలను టైపు చేయనక్కర్లేదు. రంగురంగుల బ్లాకులుంటాయి. వాటిని మౌస్‌తో లాగి ఒకదాని కింద ఒకటి తగిలిస్తే ప్రోగ్రాం తయారవుతుంది. ఆరో తరగతి పాప ఒకతె మామిడికాయల ఆట చేస్తోందనుకోండి. కాయలు పైనుంచి రాలుతుంటాయి, కింద బుట్టను అటూ ఇటూ జరిపి పట్టాలి, పట్టిన ప్రతి కాయకూ ఒక పాయింటు. ఆ పాప ఆలోచించి, ఎప్పటికీ తిరుగుతూ ఉండే 'ఫరెవర్' బ్లాకు తెచ్చి, దాని లోపల కాయను దించే బ్లాకు కింద 'కాయ బుట్టను తాకితే స్కోరు 1 పెంచు' అని పెట్టింది. తర్కం సరిగ్గానే ఉంది. ఆట మొదలుపెట్టింది. మొదటి కాయ పడగానే స్కోరు 15కు ఎగబాకింది.

"అక్కా, ఒక్క కాయకే పదిహేను వచ్చేశాయి!"

కారణం వాలంటీరు అక్కకు వెంటనే తెలుస్తుంది. స్క్రాచ్ ఆ వలయాన్ని సెకనుకు దాదాపు 30 సార్లు తిప్పుతుంది. కాయ బుట్టను అరసెకను పాటు తాకుతూ ఉంటే, 'తాకిందా?' అన్న ప్రశ్నకు 15 సార్లు 'అవును' అనే జవాబు వస్తుంది. స్కోరు పెరిగిన వెంటనే కాయను మళ్లీ పైకి పంపే బ్లాకు ఒకటి తగిలిస్తే సరిపోతుంది. పది సెకన్ల పని. అక్క చేయి దానంతటదే మౌస్ వైపు వెళుతుంది. సరిగ్గా అక్కడే ఆగాలి. ఆ పది సెకన్ల పని అక్క చేసేస్తే ఆట బాగుపడుతుంది, పాపకు మాత్రం ఒకటే పాఠం మిగులుతుంది: పాడైతే అక్కను పిలవాలి అని.

అందుకని అక్క అడగాల్సినవి రెండే ప్రశ్నలు. "ఏం జరగాలనుకున్నావమ్మా? ఇప్పుడు ఏం జరుగుతోంది?" పాప తన నోటితో ఆ రెండింటి తేడా చెప్పేలోపే సగం దారి తెరుచుకుంటుంది. ఇంకా తట్టకపోతే, "ఇదంతా చాలా వేగంగా జరుగుతోంది కదా, నెమ్మదిగా చూద్దామా?" అని ఒక్క మాట అందించవచ్చు. పాప వలయంలో 'ఒక సెకను ఆగు' అన్న బ్లాకు పెడుతుంది. ఇప్పుడు కాయ అంచెలంచెలుగా దిగుతుంది. బుట్టను తాకాక కూడా సెకనుకొకటి చొప్పున స్కోరు పెరగడం కళ్లెదుటే కనిపిస్తుంది. "ఓ, ఇది మళ్లీ మళ్లీ అడుగుతోంది!" అని పాప తానే అంటుంది. ఇక పరిష్కారం తనే వెతుక్కుంటుంది. ఒకరు కాయను పైకి పంపేస్తారు. ఇంకొకరు మాయం చేస్తారు. మరొకరు కాయ బుట్టను వదిలేదాకా లెక్కించకుండా ఆగమంటారు. మూడూ సరైనవే. ఇరవై నిమిషాలు పట్టవచ్చు. ఆ ఇరవై నిమిషాల కోసమే క్లబ్బు పెట్టుకున్నాం.

ఇదే ఆటలో లెక్కలు కూడా చెప్పకుండానే వచ్చి కూర్చుంటాయి. స్క్రాచ్ రంగస్థలం వెడల్పు 480, ఎత్తు 360. నడిమధ్య సున్నా. ఎడమ అంచు మైనస్ 240, కింది అంచు మైనస్ 180. కాయ కిందికి దిగాలంటే దాని ఎత్తును మైనస్ 5 చొప్పున మార్చాలి. రుణ సంఖ్యలు పాఠంగా రాకముందే నాలుగో తరగతి పిల్లవాడు వాటిని అవసరం కొద్దీ వాడేస్తాడు. తర్వాత బడిలో సంఖ్యారేఖ గీసినప్పుడు అది వాడికి తెలిసిన చోటులాగే కనిపిస్తుంది.

పిల్లలు తామే చేస్తూ నేర్చుకోవాలన్న ఈ ఆలోచనకు మూలపురుషుడు సేమూర్ పాపర్ట్. దక్షిణాఫ్రికాలో పుట్టి, జెనీవాలో పిల్లల మనస్తత్వవేత్త పియాజే దగ్గర పనిచేసి, ఎంఐటీకి చేరిన గణితవేత్త. 1967లో వాలీ ఫోయర్‌జీగ్, సింథియా సాలమన్‌లతో కలిసి పిల్లల కోసం లోగో అనే భాష తయారుచేశాడు. అందులో ఒక 'తాబేలు' ఉంటుంది. ముందుకు వంద అడుగులు, కుడికి తొంభై డిగ్రీలు అని చెబితే గీత గీసుకుంటూ పోతుంది. యంత్రం పిల్లలకు శిక్షణ ఇవ్వడం కాకుండా పిల్లలే యంత్రానికి నేర్పాలని, ఆ నేర్పడంలో తమ ఆలోచనను తామే చూసుకుంటారని ఆయన 1980లో వచ్చిన తన 'మైండ్‌స్టార్మ్స్' పుస్తకంలో వాదించాడు. స్క్రాచ్ తయారుచేసిన రెస్నిక్ ఆయన దారిలో నడిచినవాడే.

ఆ తాబేలుకు మన వాకిళ్లలో చుట్టం ఉంది: ముగ్గు. స్క్రాచ్‌లో 'పెన్' జతచేసుకుని, 'వంద అడుగులు నడువు, 90 డిగ్రీలు తిరుగు' అన్నది నాలుగు సార్లు చేయిస్తే చతురస్రం వస్తుంది. ఆ మొత్తాన్నీ ఇంకో వలయంలో పెట్టి, ఒక్కో చతురస్రం తర్వాత 45 డిగ్రీలు తిప్పుతూ ఎనిమిది సార్లు చేయిస్తే పువ్వు విచ్చుకుంటుంది. 10 డిగ్రీలు తిప్పితే ఎన్నిసార్లు చేయించాలి? పిల్లలు 20 వేస్తారు, 30 వేస్తారు, పువ్వు పూర్తికాదు. 36 దగ్గర కుదురుతుంది. ఎనిమిది నలభై అయిదులు, ముప్ఫై ఆరు పదులు రెండూ 360 అని ఎవరో ఒకరు కేక పెడతారు. ముగ్గుకూ కంప్యూటర్ శాస్త్రానికీ ఉన్న బంధం మనం సరదాకు కల్పించుకున్నది కాదు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, వాళ్లతో పాటు కమలా కృతివాసన్ 1974లోనే తమిళనాడు ముగ్గులను వ్యాకరణ సూత్రాలుగా రాయవచ్చని చూపిస్తూ పరిశోధన పత్రం ప్రచురించారు. కొద్ది నియమాలు, వాటి పునరావృతి, అంతులేని ఆకారాలు. ధనుర్మాసంలో క్లబ్బు నడుస్తుంటే పిల్లలను ఇంటికెళ్లి అమ్మమ్మ దగ్గర ఒక చుక్కల ముగ్గు నేర్చుకు రమ్మనండి. మెలికల ముగ్గు పట్టుకొస్తే పెద్దవాళ్లకే చెమటలు పడతాయి. ఎప్పుడూ మౌస్ పట్టని ఒక తల్లిని పిలిచి, గీత ఎక్కడ వంపు తిరగాలో చెప్పమంటే, ఆ రోజుకు గురువు ఆమే.

దీన్నిబట్టి వాలంటీరుగా ఎవరు పనికొస్తారో కూడా తేలుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే కావాలన్న నియమం లేదు. రిటైరైన టీచరమ్మ, డిగ్రీ చదివే అమ్మాయి, బ్యాంకు ఉద్యోగి ఎవరైనా సరే. స్క్రాచ్ ఒక వారాంతంలో పట్టుబడుతుంది. కావాల్సింది ఓపిక, దానితో పాటు "నాకూ తెలియదు, కలిసి చూద్దాం రా" అని పిల్లల ముందు అనగలగడం. ఎన్నో ఏళ్ల అనుభవమున్న ఇంజనీరు ఈ ఒక్క మాట అనలేక క్లబ్బుకు భారం కావచ్చు. పిల్లలకూ ఒక అలవాటు చేయాలి. చిక్కు వస్తే ముందు ముగ్గురు తోటి పిల్లలను అడగాలి, అప్పుడే వాలంటీరును పిలవాలి. కోడర్‌డోజోలు నడిపేవాళ్లు మొదటి నుంచీ చెప్పే మాట ఇది. గదిలో గోల పెరుగుతుంది. పెరగనివ్వండి. అయిదారుగురు పిల్లలకు ఒక పెద్ద ఉంటే సాగుతుంది. ఏడాది గడిచాక తొమ్మిదో తరగతి పిల్లలే చిన్నవాళ్లకు అన్నలూ అక్కలూ అవుతారు. పిలుపు కూడా అన్నా, అక్కా అనే ఉండనివ్వండి. 'సార్' అన్న పిలుపు వచ్చిందంటే వెనకే తరగతి గది భయం వచ్చి కూర్చుంటుంది.

కంప్యూటర్ల సంగతి అనుకున్నంత కష్టమేం కాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. కొత్త విండోస్ ఎక్కించుకోలేని పాత లాప్‌టాప్‌లు ఆఫీసుల్లో, ఇళ్లలో చాలా మూలన పడ్డాయి. వాటిలో 4 జీబీ మెమరీ ఉంటే మన పనికి చాలు. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించి, లుబుంటు లాంటి తేలికైన లినక్స్ ఎక్కిస్తే లేచి కూర్చుంటాయి. స్క్రాచ్ వాళ్ల సొంత యాప్ లినక్స్‌కు లేదు. దాని బదులు టర్బోవార్ప్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోవచ్చు, స్క్రాచ్ ఫైళ్లన్నీ అందులో తెరుచుకుంటాయి. ఇంటర్నెట్ అక్కర్లేదు, ఖాతాలు అక్కర్లేదు, పాఠాలు ఒక పెన్‌డ్రైవ్‌లో పడతాయి. లాప్‌టాప్ ఇచ్చినవాళ్ల ఫొటోలు, కాగితాలు పూర్తిగా చెరిపాకే పిల్లలకివ్వాలి. ఛార్జరు ఒక్కొక్కటి 65 వాట్లు అనుకుంటే పది లాప్‌టాప్‌లకు కలిపి 650. ఇస్త్రీపెట్టె ఒక్కటే అంతకన్నా ఎక్కువ లాగుతుంది. కాబట్టి కరెంటు చాలదన్న దిగులు వద్దు. ఎర్తింగ్ సరిగ్గా ఉందా, వైర్లు పిల్లల కాళ్లకు అడ్డం పడకుండా నేలకు టేపు వేశామా అన్నవి మాత్రం మొదటి రోజే చూసుకోవాలి.

కరెంటు పోతే ఇంకా మంచిది. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయంలో టిమ్ బెల్, ఆయన మిత్రులు కంప్యూటర్ లేకుండానే కంప్యూటర్ శాస్త్రం చెప్పే ఆటలు ఎన్నో తయారుచేశారు. వాటిలో నాకు బాగా నచ్చింది కార్డుల ఆట. అయిదుగురు పిల్లలను వరసగా నిలబెట్టి 16, 8, 4, 2, 1 చుక్కలున్న అట్టముక్కలివ్వండి. చుక్కలు చూపిస్తే ఒకటి, వెనక్కి తిప్పితే సున్నా. 13 కావాలంటే 8, 4, 1 పట్టుకున్నవాళ్లు చూపిస్తారు. అంటే 01101. అయిదు అట్టలతో 0 నుంచి 31 దాకా ఏ సంఖ్యనైనా చూపవచ్చు. పిల్లలంతా తమ పుట్టినరోజు తేదీని ఒక్కొక్కరుగా చూపిస్తారు, ఎవరిదీ మిగిలిపోదు. యంత్రం లోపల రెండే అంకెలతో లోకమంతా ఎలా నడుస్తుందో అట్టముక్కలతో అర్థమైపోతుంది.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఒక కంప్యూటర్‌కు ఇద్దరిని కూర్చోబెడితే మంచిదే, మాట్లాడుకుంటూ నేర్చుకుంటారు. అయితే అబ్బాయి, అమ్మాయి కూర్చున్నచోట మౌస్ అబ్బాయి చేతికి జారిపోవడం, అమ్మాయి చూస్తూ ఉండిపోవడం తరచూ జరుగుతుంది. అందుకే పది, పదిహేను నిమిషాలకోసారి గంట కొట్టి చేతులు మార్పించాలి. ఇది మొహమాటపడే విషయం కాదు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్స్ విభాగంలో 1995లో చేరిన విద్యార్థుల్లో అమ్మాయిలు 7 శాతం. జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అక్కడి విద్యార్థులతో ఏళ్ల తరబడి మాట్లాడి కారణం వెతికారు. చాలా ఇళ్లలో కంప్యూటర్ కొడుకు గదిలో ఉండేది. కాలేజీకి వచ్చేసరికి అబ్బాయిలకు ఏళ్ల అలవాటు ఉండేది, అమ్మాయిలు తమకు చేతకాదనుకునేవారు. ముందు అనుభవం లేనివాళ్లకు వేరే మెట్టు కట్టి, ప్రవేశాల తీరు మార్చాక 2000 నాటికి అది 42 శాతానికి చేరింది. తెలివిలో తేడా లేదు, చేతికి అందడంలోనే ఉంది. మన ఇళ్లలో స్మార్ట్‌ఫోను మొదట ఎవరి చేతికి వెళుతుందో గమనించండి. క్లబ్బులో ఒక్క అక్క అయినా వాలంటీరుగా ఉండాలి. పొద్దు గూకకముందే క్లబ్బు ముగియాలి, లేకపోతే అమ్మాయిలను ఇంట్లోవాళ్లు పంపరు.

భద్రత దగ్గర ఏ సడలింపూ కూడదు. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఒక పెద్ద, ఒక బిడ్డ ఒంటరిగా ఉండే పరిస్థితి ఒక్క నిమిషం కూడా రాకూడదు. తలుపులు తెరిచే ఉంచాలి. వచ్చినవాళ్ల పేరు, తీసుకెళ్లేవాళ్ల ఫోను నంబరు రాసుకోవాలి. అంతకుమించి వివరాలు సేకరించవద్దు. తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టవద్దు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే. చిన్నపిల్లల తల్లో తండ్రో అక్కడే కూర్చుంటే మరీ మంచిది. కొద్ది వారాల్లో వాళ్లలోనే ఒకరు వాలంటీరు అవుతారు.

తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లీషు బ్లాకులు చూసి మొదట బెదురుతారు. ఆ మాటలు కొద్ది డజన్లే. రెండు మూడు వారాల్లో నోటికొస్తాయి. బొమ్మల చేత తెలుగులోనే మాట్లాడించవచ్చు. స్కోరు, ప్రాణాలు, వేగం అని చలరాశులకు తెలుగు పేర్లే పెట్టవచ్చు. స్క్రాచ్ దాటి పైథాన్‌కు వెళ్లినా అంతే. పైథాన్ 3లో 'మార్కులు = 10' అని తెలుగు లిపిలో రాస్తే నిక్షేపంగా పనిచేస్తుంది. ఇది పిల్లలకు చూపించి తీరాలి. యంత్రానికి తమ భాష రాదన్న అపోహ ఒక్క వరసతో పోతుంది.

2020 లాక్‌డౌన్ రోజుల్లో పసిపిల్లలకు కోడింగ్ నేర్పకపోతే జీవితంలో వెనకబడతారని భయపెట్టే ప్రకటనలు టీవీల నిండా వచ్చాయి. ప్రకటనల ప్రమాణాలు చూసే మండలి కొన్నింటిని ఆపమని చెప్పాల్సి వచ్చింది కూడా. క్లబ్బు ఆ భయాన్ని ఎన్నడూ అమ్మకూడదు. వచ్చిన పిల్లలందరూ ఇంజనీర్లు కావాలని ఎవరూ అనుకోవడం లేదు. సర్టిఫికెట్లు, పోటీలు, షీల్డులు కూడా వద్దనే అంటాను. అవి రాగానే గెలిచేవాళ్ల కోసం క్లబ్బు నడవడం మొదలవుతుంది. వాటి బదులు ప్రతివారం చివరి పావుగంట పిల్లలు తాము చేసినది అందరికీ చూపించాలి. సగంలో ఉన్నవి, పాడైనవి కూడా చూపించవచ్చు. ఈ పావుగంటతో ఇంకో లాభముంది. ఇప్పుడు అడిగితే ప్రోగ్రాం రాసిపెట్టే కృత్రిమ మేధ యాప్‌లు ప్రతి ఫోనులో ఉన్నాయి. వాటిని నిషేధించి లాభం లేదు. "ఈ బ్లాకు ఎందుకు పెట్టావు?" అని తోటి పిల్లలు అడిగినప్పుడు జవాబు చెప్పగలగాలి, అంతే. చెప్పలేనిది తనది కాదని పిల్లలకే తెలిసిపోతుంది.

ఇలాంటి క్లబ్బులు డబ్బులేక మూతపడడం తక్కువ. నడిపే మనిషి అలిసిపోయి మూతపడేవే ఎక్కువ. ఒక్కరి ఉత్సాహం మీద మొదలైన క్లబ్బు, ఆ ఒక్కరికి బదిలీ అయితేనో, ఇంట్లో పెళ్లి కుదిరితేనో ఆగిపోతుంది. రెండు వారాలు తలుపు మూసి కనిపిస్తే మూడో వారం పిల్లలు రారు. కాబట్టి మొదటి రోజు నుంచే తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండాలి. ఏడాది పొడవునా నడపాలన్న మొండితనం కూడా వద్దు. బడులు జూన్‌లో తెరుస్తారు, పుస్తకాలూ యూనిఫారాలూ సర్దుకునేసరికి నెల పోతుంది. జులై మొదటి ఆదివారం మొదలుపెట్టండి. దసరా సెలవులకు ఒక విరామం, సంక్రాంతికి ఒక విరామం, ఫిబ్రవరి నెలాఖరుకు పరీక్షల కోసం ముగింపు. ఎప్పుడు ఆగుతుందో, ఎప్పుడు తెరుస్తారో ముందే చెబితే పిల్లలు తిరిగి వస్తారు.

ఇది చదివి మీకు మనసైతే, ఈ వారమే ఇంకొకరిని తోడు వెతుక్కోండి. గదికోసం మీ ఊరి శాఖా గ్రంథాలయంలోనో, దగ్గరి ప్రభుత్వ బడి ప్రధానోపాధ్యాయులనో అడగండి. మూడు పాత లాప్‌టాప్‌లు, ఆరుగురు పిల్లలు ఉంటే మొదటి ఆదివారానికి సరిపోతుంది.